తళుకు లేని గాజు: కీటకం రెక్క నుంచి అంగడి దాకా



గాజుకు పారదర్శకమన్న పేరు ఉన్నదే గాని, ఆ పేరుకు అది పూర్తిగా తగదు. నిట్టనిలువుగా వచ్చి పడిన వెలుగులో నూటికి నాలుగు వంతులను గాజు ముఖం వెనక్కి పంపివేస్తుంది. వెలుగు బయటికి వెళ్ళే రెండో ముఖం దగ్గరా అంతే జరుగుతుంది. రెండూ కలిపితే దాదాపు ఎనిమిది శాతం నష్టం. వెలుగు ఏటవాలుగా పడేకొద్దీ నష్టం పెరుగుతుంది. 60 డిగ్రీల వాలులో ఒక్క ముఖమే తొమ్మిది శాతం వరకు తిప్పికొడుతుంది. 80 డిగ్రీల వాలులో అది 39 శాతానికి చేరుతుంది. సాయంత్రం డెంకణికోట దారిలో ఎదురుగా వచ్చే లారీ అద్దం కళ్ళు చెదరగొట్టడానికి కారణం ఇదే.

ఈ నష్టాన్ని తగ్గించడానికి ఒక కొత్త విద్య ప్రయోగశాలల్లో రూపుదిద్దుకున్నది. కొన్ని కీటకాల రెక్కలు, కళ్ళు వెలుగును తిప్పికొట్టవు. వాటి మీద ఉండే అతి సూక్ష్మమైన బొడిపెలను లేజర్ కిరణంతో గాజు మీద పుట్టించడమే ఆ విద్య. అది సరుకై అంగడికి ఏ ద్వారం గుండా రాగలదన్నది ఈ ప్రసంగ విషయం. డెంకణికోట, హోసూరు ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న దూరపుది కాదు. కుప్పం, చిత్తూరు, అనంతపురం వైపుల నుంచి వచ్చినవారిలో అనేకుల బ్రతుకుతెరువు ఇక్కడి సూక్ష్మ యంత్ర పరిశ్రమల మీద ఆధారపడి ఉన్నది. అదే కుటుంబాలు ఇప్పుడు ఇంటి కప్పు మీద సోలార్ ప్యానెల్ పెట్టాలా, ఏ రకం పెట్టాలి అని ఆలోచిస్తున్నాయి. ఒకటి జీతానికి సంబంధించినది, రెండోది అప్పుకు సంబంధించినది. రెండు చోట్లా గాజు ఉన్నది.

ముందుగా ప్రకృతి చేసిన పని చూడాలి. 1960 దశకంలో స్వీడన్ దేశపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు సి.జి. బెర్న్‌హార్డ్, ఆయన సహచరులు రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే శలభాల కళ్ళను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించారు. ఆ కంటి పై పొర నున్నగా లేదు. దాని నిండా బారులు తీరిన బొడిపెలు ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 200 నానోమీటర్ల పరిమాణం. అంటే మిల్లీమీటరులో అయిదువేలవ వంతు. కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్ల వరకు ఉంటుంది. బొడిపెలు దానికంటే చిన్నవి కనుక వెలుగు వాటిని విడివిడిగా గుర్తించలేదు. గాలి నుంచి కంటి పదార్థంలోకి మెల్లగా, మెట్టు లేకుండా దిగుతున్నట్టే దానికి తోస్తుంది.

చెరువు దగ్గర దీనికి మంచి పోలిక దొరుకుతుంది. రాతి కట్టకు నిలువుగా తగిలిన అల తిరిగి నీటిలోకే వస్తుంది. ఏటవాలుగా ఉన్న మట్టి ఒడ్డు మీద అదే అల మెల్లగా ఎక్కి అక్కడే ఆగిపోతుంది. నున్నని గాజు ముఖం రాతి కట్ట. బొడిపెల ముఖం మట్టి ఒడ్డు.

మధ్య అమెరికా అడవుల్లో రెక్కల వెనుక ఉన్న ఆకులు కూడా కనిపించేంత స్వచ్ఛమైన రెక్కలు గల సీతాకోకచిలుక ఒకటి ఉన్నది. గ్రెటా ఓటో దాని శాస్త్రీయ నామం. ఏ కోణం నుంచి చూసినా దాని రెక్క తళుక్కుమనదు. జర్మనీలోని కార్ల్స్‌రూహె శాస్త్రజ్ఞులు 2015లో ఇందుకు కారణం వెల్లడించారు. ఆ రెక్క మీది సూక్ష్మ స్తంభాల ఎత్తు ఒకే తీరుగా లేదు; ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఆ క్రమరాహిత్యమే అన్ని కోణాలకూ పనికివచ్చే గుణాన్ని ఇచ్చింది. చెట్టు బోదెను అంటిపెట్టుకొని ఎండాకాలమంతా రొద చేసే సికాడా కీటకాల రెక్కల్లోనూ ఇటువంటి నిర్మాణమే ఉన్నది. డెంకణికోట, అంచెట్టి అడవుల్లో ఆ రొద వినని వారుండరు; ఆ రెక్కను వెలుగుకు పట్టి చూసినవారు మాత్రం తక్కువ.

మనిషి ఈ దారిలోకి రావడానికి కాలం పట్టింది. 1890 దశకంలో ఇంగ్లండుకు చెందిన కటకాల నిపుణుడు డెన్నిస్ టేలర్ ఒక వింత గమనించాడు. పాతబడి, పైన మకిలి పట్టినట్టున్న కటకాలు కొత్తవాటికంటే ఎక్కువ వెలుగును లోనికి పంపుతున్నాయి. కాలం గడిచేకొద్దీ గాజు మీద ఏర్పడిన పలుచని పొర పరావర్తనాన్ని తగ్గిస్తున్నది. 1935లో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకూలా శూన్య పాత్రలో గాజుకు పలుచని పూత వేసే పద్ధతిని రూపొందించాడు. 1938లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో క్యాథరిన్ బ్లాడ్జెట్ గాజు మీద 44 పొరల సబ్బు వంటి పదార్థాన్ని, ఒక్కొక్క పొర ఒకే అణువు మందంతో, పేర్చింది. ఆ గాజు పత్రికలకెక్కింది. అయితే ఆ పూత మెత్తనిది. వేలితో రుద్దితే పోయేది. నిలిచి వ్యాపారం చేసినవి శూన్య పాత్రలో వేసిన గట్టి పూతలే. తొంభై ఏళ్ళనాటి ఆ తేడా ఈనాటి లేజర్ గాజుకు కూడా వర్తిస్తుంది కనుక దానిని గుర్తుంచుకోవడం మంచిది.

శలభపు కంటి సూత్రాన్ని కృత్రిమంగా మొదట చేసి చూపినది బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన క్లాఫమ్, హట్లీ. అది 1973. అదే సూత్రంతో షార్ప్ కంపెనీ పెద్ద టెలివిజన్ తెరలను అంగడిలోకి తెచ్చింది 2012లో. నడుమ 39 సంవత్సరాలు. ఒక తరం ఉద్యోగంలో చేరి పదవీ విరమణకు దగ్గరపడే కాలం అది. సూత్రం తెలియక కాదు; విస్తారమైన ఉపరితలం మీద తక్కువ ఖర్చుతో అచ్చు వేయడం చేతకాక.

లేజర్ ఇక్కడ ప్రవేశిస్తుంది. సెకనును వెయ్యి లక్షల కోట్ల భాగాలు చేస్తే ఒక భాగాన్ని ఫెమ్టోసెకను అంటారు. వంద ఫెమ్టోసెకన్లలో వెలుగు పయనించే దూరం 30 మైక్రోమీటర్లు మాత్రమే. తల వెంట్రుక మందం కూడా దాటదు. అంత క్షణికమైన స్పందనలో శక్తినంతా కుదించి గాజు మీద వదిలితే, వేడి పక్కలకు పాకే లోపలే పై పొర మారిపోతుంది. ఇంతటి తీవ్రమైన స్పందనలను సాధ్యం చేసిన పద్ధతిని 1985లో కనిపెట్టినందుకు డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మురూ 2018 నోబెల్ పురస్కారంలో భాగం పొందారు.

గ్రీసు దేశపు క్రీట్ ద్వీపంలో ఫోర్త్ అనే పరిశోధన సంస్థ ఉన్నది. అక్కడి బృందం ఈ స్పందనలను ఫ్యూజ్డ్ సిలికా, అంటే స్వచ్ఛమైన ఇసుకరాతి సారంతో చేసిన గాజు మీద ప్రయోగించి, 2019లో ఫలితాలను ప్రకటించింది. వారి పద్ధతిలో రసాయనాలు లేవు, అచ్చు లేదు, అనేక అంచెలు లేవు. కిరణం తిరుగుడు ధ్రువణంలో గాజు మీదుగా సాగిపోతుంటే, సూక్ష్మ స్తంభాలు వాటంతట అవే లేస్తాయి. గ్రెటా ఓటో రెక్క మీద ఉన్నట్టే అవి కొంత క్రమరహితంగా ఉంటాయి. మేలైన గుణం అందువల్లనే వస్తుంది. ఇది నిజంగా అందమైన పని. ఆమ్లాలతో గాజును కొరికించే పాత పద్ధతుల్లో మిగిలే విషపు నీటి సమస్య దీనికి లేదు. పారిశ్రామిక వ్యర్థజలాల బాధ తెలిసిన ఏ ఊరైనా ఈ గుణాన్ని మెచ్చుకుంటుంది.

అయితే ప్రయోగశాలలో పరావర్తనం ఎంత తగ్గిందన్నది ఒక లెక్క. ఆ గాజును చదరపు మీటరు ఏ ధరకు ఇవ్వగలరన్నది వేరొక లెక్క. రెండో లెక్కను ఇంటి కప్పు దగ్గర మొదలుపెట్టవచ్చు.

మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్ళు ఎండ బాగున్న రోజుల్లో, లేని రోజుల్లో సగటున దినానికి 12 యూనిట్లు ఇస్తాయనుకుందాం. ఏడాదికి 4,380 యూనిట్లు. ఇప్పుడు అంగడిలో దొరికే మంచి ప్యానెళ్ళ గాజుకు సూక్ష్మ రంధ్రాల సిలికా పూత కార్ఖానాలోనే పడుతున్నది. అది మొదటి ముఖం దగ్గర పోయే నాలుగు శాతంలో రెండు, మూడు శాతాన్ని ఇప్పటికే వెనక్కి తెచ్చింది. లేజర్ గాజు అదనంగా తేగలిగినది మహా అయితే ఇంకొక్క శాతం, ఉదయ సాయంకాలాల వాలు వెలుగులో మరికొంచెం. ఒక శాతమంటే ఏడాదికి 44 యూనిట్లు. యూనిట్ ధర ఆరు రూపాయలని వేసుకుంటే 264 రూపాయలు. ప్యానెల్ 25 సంవత్సరాలు పనిచేస్తే మొత్తం 6,600 రూపాయలు. మూడు కిలోవాట్లకు పట్టే గాజు సుమారు 14 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు 470 రూపాయలు మించి లేజర్ పనికి ఖర్చు చేస్తే పెట్టుబడి కూడా తిరిగి రాదు; వడ్డీ సంగతి వేరే.

మరి యంత్రానికి ఎంత కాలం పడుతుంది? కిరణం సెకనుకు ఒక చదరపు సెంటీమీటరు చొప్పున పని చేస్తుందని ఉదారంగా అనుకుందాం. చదరపు మీటరులో పదివేల చదరపు సెంటీమీటర్లు ఉన్నాయి. పదివేల సెకన్లంటే రెండు గంటల 46 నిమిషాలు. పద్నాలుగు చదరపు మీటర్లకు దాదాపు 39 గంటలు. అత్యంత ఖరీదైన యంత్రం, దాని కరెంటు, చల్లదనం, మనిషి కూలి, ఇవన్నీ ఆ మూడు గంటలకు 470 రూపాయల్లో ఇమడాలి. ఇమడవు. కిరణాన్ని పది పాయలుగా చీల్చి పనిని పదిరెట్లు వేగవంతం చేసినా, పూత వేసే వరుసలో ప్యానెల్ గాజు నిమిషంలోపే దాటిపోతున్నది గనుక పోటీ నిలవదు.

గాజు రకం ఇంకొక చిక్కు. క్రీట్ ఫలితాలు స్వచ్ఛమైన సిలికా గాజుకు సంబంధించినవి. వేడికి అది దాదాపు వ్యాకోచించదు. కిటికీలకు, ప్యానెళ్ళకు వాడే మామూలు సోడా సున్నపు గాజు దానికి పదిహేను రెట్లకు మించి వ్యాకోచిస్తుంది. కిరణం తాకిన చోట నెర్రెలు విచ్చే ప్రమాదం ఎక్కువ. పైగా ప్యానెల్ గాజును 600 డిగ్రీలకు మించి కాల్చి గట్టిపరచవలసి ఉంటుంది. స్తంభాలను ముందే లేపితే ఆ వేడికి అవి నిలవాలి. తరువాత లేపితే గట్టిపడిన గాజు బిగువు చెడకూడదు.

చివరికి వేలు. మనిషి వేలి జిడ్డు వక్రీభవన గుణకం గాజుకు చాలా దగ్గర. స్తంభాల నడుమ ఖాళీలోకి జిడ్డు చేరితే చెరువు ఒడ్డు మళ్ళీ రాతి కట్ట అవుతుంది. బ్లాడ్జెట్ పూత వేలి రాపిడికి పోయింది. ఈ గాజు వేలి ముద్రకు మసకబారుతుంది. అందువల్ల రోజుకు వందసార్లు తాకే ఫోన్ తెర పై ముఖానికి ఈ విద్యను మొదటగా ఊహించడం తొందరపాటే.

ఇంతవరకు వచ్చిన లెక్క నిరాశ కలిగించవచ్చు. అదే లెక్కను చిన్న వస్తువు మీద వేస్తే ఫలితం తలకిందులవుతుంది. హోసూరు పేరు దేశమంతటా చేతిగడియారాలతో ముడిపడి ఉన్నది. టాటా సంస్థలు, తమిళనాడు ప్రభుత్వపు టిడ్కో కలిసి 1984లో నెలకొల్పిన టైటాన్ కంపెనీ మొదటి కార్ఖానా హోసూరులోనిదే. ఖరీదైన గడియారాలకు కృత్రిమ నీలపు స్ఫటికాన్ని, సఫైర్ అనబడే దాన్ని, అద్దంగా బిగిస్తారు. గీతలు పడవు, కానీ దాని వక్రీభవన గుణకం గాజుకంటే ఎక్కువ కావడంతో ఒక్కొక్క ముఖం 7.7 శాతం వెలుగును తిప్పికొడుతుంది. రెండు ముఖాలూ కలిసి ఎండలో ముళ్ళు కనిపించనివ్వవు. అందుకే పూత వేస్తారు. బయటి ముఖం మీది పూత రాపిడికి చెడుతుందని చాలామంది తయారీదారులు లోపలి ముఖానికే వేస్తారు. వాలుగా చూసినప్పుడు ఆ పూతలో నీలి ఛాయ తేలుతుంది.

మూడు సెంటీమీటర్ల వ్యాసం గల గడియారపు అద్దం వైశాల్యం ఏడు చదరపు సెంటీమీటర్లు. పైన వేసుకున్న వేగంతోనే ఏడు సెకన్ల పని. లోపలి ముఖం కనుక వేలు తగలదు, దుమ్ము చేరదు. ఏ కోణం నుంచి చూసినా రంగు తేలదు. ప్యానెల్ దగ్గర అడ్డుగా నిలిచినవన్నీ ఇక్కడ ఒక్కసారిగా తొలగిపోయాయి. ఒక సెంటీమీటరు వ్యాసం గల ఫోన్ కెమెరా అద్దానికి ఒక సెకను కూడా పట్టదు. దానికీ లోపలి ముఖమే అనుకూలం. సఫైర్ మీద స్తంభాలు లేపడం సిలికా మీద లేపినంత సులువు కాదన్నది నిజమే. కానీ అది పరిశోధకుడు తీర్చగల చిక్కు. చదరపు మీటరు చిక్కు అటువంటిది కాదు.

ఇటువంటి దారి మళ్ళింపు ఇంతకు ముందూ జరిగింది. 1990 దశకం చివర హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మాజుర్ బృందం ఫెమ్టోసెకను లేజర్‌తో సిలికాన్ మీద సూదుల వంటి మొనలు లేపి, వెలుగును దాదాపు పూర్తిగా మింగివేసే నల్ల సిలికాన్‌ను తయారుచేసింది. సోలార్ ప్యానెళ్ళకు అది వరమని అప్పట్లో చాలామంది భావించారు. దాని నుంచి పుట్టిన సయానిక్స్ కంపెనీ అంగడిలో నిలిచింది చీకట్లో చూడగల కెమెరాలతో. వైశాల్యం చిన్నది, విలువ పెద్దది అయిన వస్తువు దగ్గరే లేజర్‌కు తిండి దొరుకుతుంది.

తెలుగు నేలమీద ఈ రెండు దారులూ ఒకే ఆవరణలో కనిపిస్తాయి. హైదరాబాదు బాలాపూర్‌లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఆధ్వర్యంలోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ ఉన్నది. ప్యానెళ్ళ గాజు కోసం ఆ సంస్థ ఎంచుకున్నది పూత మార్గం. దుమ్ము అంటకుండా తేలికగా శుభ్రపడే పూతను రూపొందించి, ఆ పరిజ్ఞానాన్ని ముంబయి కంపెనీకి బదిలీ చేసింది. అదే సంస్థ లేజర్ విభాగం ఫెమ్టోసెకను లేజర్‌తో ఇంజన్ పిస్టన్ రింగుల మీద, సిలిండరు లోపలి గోడల మీద సూక్ష్మమైన గుంటలు చెక్కి, నూనె వాటిలో నిలిచి రాపిడి తగ్గేటట్టు చేసింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఇటువంటి లేజర్‌తోనే లోహపు ముఖాలను తీర్చి, పేలుడు పదార్థాల జాడలను పసిగట్టే పలకలు తయారుచేశారు. పెద్ద గాజుకు పూత, చిన్న విలువైన ముఖానికి లేజర్ అన్న విభజనను అక్కడివారు ఆచరణలో ముందే చూపారు.

హోసూరు, డెంకణికోట ప్రాంతాలకు ఇందులో పనికివచ్చేది పిస్టన్ రింగు ఉదాహరణ కూడా. మోటారు వాహనాల విడిభాగాలు చేసే షెడ్లు ఇక్కడ లెక్కకు మిక్కిలి. ఉద్దనపల్లి, నాగమంగలం వైపు టాటా ఎలక్ట్రానిక్స్ ఫోన్ల లోహపు కవచాలు చేసే కార్ఖానా నడుపుతున్నది. రేకు కోసే లేజర్, గుర్తులు చెక్కే లేజర్ ఇక్కడి జాబ్ వర్కు షెడ్లకు కొత్త కాదు. కానీ అవి కాల్చి, కరిగించి కోసే లేజర్లు. ఫెమ్టోసెకను యంత్రం దగ్గర నిలబడే మనిషికి కావలసిన నేర్పు వేరు: ధ్రువణం అమర్చడం, కిరణపు నాభిని మైక్రోమీటరు తేడా లేకుండా నిలపడం, వచ్చిన ముఖాన్ని సూక్ష్మదర్శినితో చదవడం. డిప్లొమా చదివిన యువతీ యువకులు నేర్చుకోలేనిదేమీ ఇందులో లేదు. గడియారపు అద్దం, కెమెరా అద్దం, కార్ఖానాల్లో సరుకును పరీక్షించే కెమెరా కిటికీ, పిస్టన్ రింగు, నాలుగింటికీ ఒకే యంత్రం పని పెట్టగలదు. ఒక్క వస్తువు మీద ఆధారపడిన షెడ్డు కంటే అటువంటి షెడ్డు గట్టిగా నిలుస్తుంది. యంత్రం ధర చిన్న షెడ్డు యజమానికి అందేది కాదు. అది ఉమ్మడి పరిశ్రమల కేంద్రంలోనో, పాలిటెక్నిక్‌లోనో ఉండి గంటల లెక్కన అద్దెకు దొరికితేనే ఈ మాటకు అర్థం.

పూల తోటల వారికి ఒక మాట. నెదర్లాండ్స్‌లో గాజు ఇళ్ళకు తళుకు లేని గాజు వాడుతున్నారు. తళి, డెంకణికోట వైపు గులాబీలు, క్యాప్సికం పండించే ఇళ్ళు పాలిథిన్ షీటువి. అక్కడ ఎండ చాలకపోవడం కాదు, ఎండ మించడమే బాధ. ఆ గాజు ఇక్కడ అవసరం లేదు.

మళ్ళీ ఇంటి కప్పుకు రావాలి, ఎందుకంటే ముందుగా ఖర్చు పెట్టేది అక్కడే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు, ఆపైకి 78,000 రూపాయల వరకు కేంద్ర రాయితీ లభిస్తున్నది. ఆ రాయితీని కిలోవాట్ల మీద లెక్కిస్తారు. గాజు మీద నానో నిర్మాణం ఉన్నదని చెప్పి అధిక ధర అడిగితే ఆ అధిక ధరంతా ఇంటివారి జేబులోదే. పైన వేసిన లెక్క ప్రకారం మూడు కిలోవాట్లకు ఏడాదికి 264 రూపాయల లాభానికి మించి ఆ మాట విలువ చేయదు. ప్యానెల్ బిగించిన తరువాత పైన పూసుకొమ్మని సీసాల్లో అమ్మే ద్రవాల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కార్ఖానాలో పడిన పూత మీద వేరొక పొర వేస్తే ఉన్న గుణమూ పోవచ్చు, తయారీదారు ఇచ్చిన హామీకీ ఇబ్బంది రావచ్చు.

ఒక శాతం కోసం డబ్బు పెట్టే ముందు దుమ్ము వల్ల పోయేది చూడాలి. గ్రానైట్ క్వారీలు, మట్టి దారులు ఉన్న ఈ జిల్లాలో వాన లేని నెలల్లో దుమ్ము వల్ల నష్టం ఒక శాతాన్ని సులభంగా మించుతుంది. కడగడానికి వాడే నీరే మరో సమస్య. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎంతటి బాధో హొగెనకల్ తాగునీటి పథకం వచ్చిన కారణమే చెబుతుంది. బోరు నీటిలో కరిగిన సున్నపు లవణాలూ ఉంటాయి. ఆ నీరు గాజు మీద ఎండిపోతే తెల్లని మచ్చలు మిగులుతాయి, సిలికా పూతలోని సూక్ష్మ రంధ్రాలు పూడుకుంటాయి. తెల్లవారుజామున, గాజు వేడెక్కకముందే, మెత్తని గుడ్డతో కడిగి, తడి ఆరేలోగా పొడిగుడ్డతో తుడవాలి. గరుకు పీచు, సబ్బు పొడి వాడరాదు. కప్పు మీద పట్టి ఉంచిన వాన నీరు ఉంటే బోరు నీటికంటే అదే మేలు.